గోడంత మానిటరు

ఇప్పుడు కోతలన్నీ పట్నాల్లోనే జరుగుతున్నాయి. ఎవరో ఇంట్లో కూర్చుని ఆట ఆడుతుంటే ఇక్కడ చేలో కోత మిషను కదులుతుంది. తొందరగా కోసినవాడికి పాయింట్లు ఎక్కువ.

అచ్చియమ్మ వరిచేలోకి మిషను దిగగానే ఆమె వెళ్లి అడ్డంగా నిలబడింది. మనిషి ఎదురైతే మిషను ఆగిపోవాలి. ఆగింది.

"పిన్నిగారూ, తప్పుకోండి! నా పాయింట్లు పోతున్నాయ్!" మిషను స్పీకరులోంచి విశాఖపట్నం ఆటగాడు అరిచాడు.

"చేను పండలేదు బాబూ. ఇంకో వారం ఆగు."

"పండిందండీ! నిన్ననే గోడంత మానిటరు కొన్నాను. గింజ గింజా బంగారంలా కనిపిస్తోంది."

అచ్చియమ్మ ఒక కంకి తెంపి, అడుగున ఉన్న గింజను పంటితో నొక్కింది. తెల్లటి పాలు వచ్చాయి.

"పైగింజలు చూసి మురిసిపోతన్నావు. అడుగుగింజల్లో ఇంకా పాలే. నువ్వూ కొరికి చూడు, అంత మానిటరుంది కదా!"

"కంపెనీకి చెబుతానండీ. మీ చేను ఆటలోంచి తీసేస్తారు."

"అదేదో ఇయ్యాలే చెప్పు!"

ఆమె మిషను పళ్ల ముందే చతికిలబడి అన్నం క్యారేజీ విప్పింది.

"వారం దాకా నీ గోడ నిండా నేనే. గోంగూర కలుపుకుంటన్నాను, చూస్తా కూకో."