పడకగది గోడ

కొత్తగా సిమెంటు కలపడం నేరమైన కాలం అది. గాలి బాగుపడాలని, పాత కట్టడాల గోడలనే కోసి కొత్త ఇళ్లకు పంచేవారు. జైలు వార్డరుగా రిటైరైన సన్యాసిరావు ఇల్లు కట్టుకుంటుంటే, పడకగదికి వచ్చిన నాలుగు గోడలూ ఆయన పనిచేసిన జైలువే అయ్యాయి.

మేస్త్రీ గోడలు నిలబెట్టాక, మేకుతో గీసిన అక్షరాలను భార్య గౌరమ్మ కూడబలుక్కుని చదివింది. "దేవుడా, వార్డరు సన్యాసిరావుని కూడా ఈ గోడల మధ్యే పడుకోబెట్టు."

"చెక్కేయ్ మేస్త్రీ," అన్నాడు సన్యాసిరావు.

"చెక్కకూడదు బాబూ, రంగూ వెయ్యకూడదు. ఇంకో వందేళ్లు ఇలాగే ఉంచాలని రూలు."

"ఎవరండీ రాసింది?" అడిగింది గౌరమ్మ.

సన్యాసిరావు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎవరో మంచి భక్తుడేలే. దేవుడు వినేశాడు."