పక్క సీట్లో పెద్దాయన

దుర్గేష్ కారు తలుపు తీసేసరికి పక్క సీట్లో ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. బెల్టు కూడా పెట్టుకున్నాడు.

"హెన్రీ అన్నా! ఎవరీ అంకుల్? నా బండిల కూసున్నడేంది?"

రాంగోపాల్‌పేట్‌లో హెన్రీ గ్యారేజీ తెలియని కారు పిచ్చోళ్ళు లేరు. ఇంజిన్ పవర్ పెంచడంలో అతనికి తిరుగులేదంటారు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"జ్ఞానశేఖర్ సార్. టెస్ట్ డ్రైవ్‌కి వస్తరు. సార్ కూర్చుని, సరే అనకుండ మన దగ్గర ఏ బండీ బయటికి పోదు తమ్ముడూ."

"మెకానికా?"

"కాదు. లెక్కల మాస్టారు. రిటైరైన్రు."

దుర్గేష్‌కి ఒళ్ళు మండింది. ఈ కారు కోసం వాడు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. పవర్ పెంచినా తట్టుకునే టర్బో ఇంజిన్ ఏది, ఏది వేడెక్కి చేతులెత్తేస్తుంది అని, పెళ్ళి సంబంధానికి ఏడు తరాలు విచారించినట్టు విచారించి మరీ కొన్నాడు. తీరా చూస్తే హెన్రీ కొంచెం పెంచి ఆపేశాడు.

"ఇంకో మెట్టు పెంచన్నా. ఇంజిన్ తట్టుకుంటది. గందుకే గిదే ఏరి కొన్న."

"ఇంజిన్ తట్టుకుంటది, కరెక్టే. నువ్వు తట్టుకుంటవో లేదో సార్ చెప్పాలె. సార్ సరే అంటే పెంచుత."

చేసేది లేక దుర్గేష్ బండి స్టార్ట్ చేశాడు.

నెక్లెస్ రోడ్డు దాకా బుద్ధిమంతుడిలా మెల్లగా నడిపాడు. పెద్దాయన నవ్వాడు.

"రోజూ నడిపేటట్టే నడపండి బాబూ. నా కోసం వద్దు."

అదే చాలు వాడికి. యాక్సిలరేటర్ నొక్కాడు. కారు ఒక్క ఉదుటున దూసుకుపోయింది.

ఎదురుగా ఒకామె చంటిపిల్లని ఎత్తుకుని రోడ్డు దాటుతోంది. దుర్గేష్ హారన్ కొట్టాడే గానీ బ్రేకు మీద కాలెయ్యలేదు. ఆమె కెవ్వుమని వెనక్కి గెంతింది.

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఆయన కుడికాలు లేని బ్రేకుని నేలకేసి నొక్కుతోంది.

"ఎట్లుందంకుల్ పికప్?"

"ఇదే ఎక్కువ బాబూ. ఇంక పెంచొద్దని హెన్రీకి చెప్తాను."

"కార్ల గురించి మీకేమెరుక?"

"ఏమీ తెలియదు. మా అమ్మాయి షెకీనా ఇలాంటి కారు కిందే పడి చనిపోయింది. డిగ్రీ చదువుతుండేది."

దుర్గేష్‌కి జాలి వేసింది. ఆ వెనకే చిరాకూ వచ్చింది. ఎవడో చేసిన తప్పుకి తన బండికి శిక్షా? పాపం కదా అని హెన్రీ చేరదీసి చాయ్ పోస్తుంటే, ఈయన నెత్తికెక్కి కూర్చున్నాడన్నమాట!

కారు పక్కకి ఆపాడు.

"అంకుల్, జెర దిగి వెనక టైరు చూస్తరా? గాలి తగ్గినట్టుంది."

పాపం, ఆయన నమ్మి దిగాడు. తలుపేసి వెనక్కి నడిచాడో లేదో, దుర్గేష్ తుర్రుమన్నాడు.

మిట్టమధ్యాహ్నం. సికింద్రాబాద్ ఎండ సంగతి తెలిసిందే కదా, రోడ్డు మీద అప్పడాలు కాల్చుకోవచ్చు.

గ్యారేజీకి వచ్చి తడుముకోకుండా అబద్ధం చెప్పాడు.

"అంకుల్ సరే అన్నడన్నా. మారేడ్‌పల్లిల పనుందని ఆటో ఎక్కిండు."

హెన్రీ నమ్మలేనట్టు చూశాడు. "సరే అన్నరా? నోటితోని?"

"మస్తు నడిపినవ్ అన్నడు. అమ్మతోడు!"

హెన్రీ ముఖం వెలిగిపోయింది. "సార్ ఒకర్ని మెచ్చుకుని ఎన్ని దినాలైందో!" అంటూ కారుకి ల్యాప్‌టాప్ తగిలించాడు. ఇంకో మెట్టు పెంచాడు.

దుర్గేష్ ఈల వేసుకుంటూ కారెక్కి, యాక్సిలరేటర్ ఎప్పుడూ నొక్కేంతే నొక్కాడు.

కారు ఎప్పటిలా కదల్లేదు. ఒక్క క్షణం తటపటాయించి, గేటు మీదికి దూకింది.

సరిగ్గా అప్పుడే, నడిచి నడిచి చొక్కా తడిసిపోయిన పెద్దాయన గేటులో అడుగు పెడుతున్నాడు.

"సార్!"

హెన్రీ కేక విన్నాడు గానీ, దుర్గేష్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. కారు గోడకి తగిలి ఆగాక ఎలా దిగాడో వాడికే తెలియదు.

నేల మీద పడి ఉన్న పెద్దాయన వాణ్ణే చూస్తున్నాడు.

"నీకేం తగల్లేదు గదా బాబూ?"

అవే ఆయన ఆఖరి మాటలు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

క్యాజువాలిటీ బయట హెన్రీ గోడకానుకుని కూలబడ్డాడు. దుర్గేష్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, అంకుల్ సరే అనలే. నేనే అబద్ధం చెప్పిన. నడిరోడ్డు మీద దింపేసి వచ్చిన."

హెన్రీ కొట్టినా బాగుండుననిపించింది దుర్గేష్‌కి.

"పోలీసులకి నేనే చెప్త అన్నా. వాళ్ళింట్ల ఎవరికి చెప్పాలె?"

"ఇంట్ల ఎవ్వరు లేరు. ఉన్నది నేనే."

"మీ చుట్టమా?"

హెన్రీ తల అడ్డంగా ఊపాడు.

"షెకీనా గురించి నీకు చెప్పిన్రా?"

"కారు కింద పడి చనిపోయిందన్నరు."

"కారు ఎవరు నడిపిన్రో చెప్పిన్రా?"

"లేదన్నా."

"ఎవ్వరికీ చెప్పరు. నేనే నడిపిన తమ్ముడూ."

దుర్గేష్ గభాల్న అతని వైపు తిరిగాడు.

"శిక్ష అయిపోయి చర్లపల్లి జైలు నుంచి బయటికొస్తే, మా ఇంటోళ్ళు సుత రాలే" అన్నాడు హెన్రీ, కళ్ళు తుడుచుకోకుండానే. "గేటు కాడ సార్ ఒక్కరే నిలబడి ఉన్నరు, 'గ్యారేజీ మళ్ళీ తెరువు నాయనా, ప్రతి బండిలో నేను కూర్చుంటాను' అన్నరు."