జగ్లూల్ తాత డప్పు

ప్రోగ్రామ్ ఆపేసినా ఫోన్‌లో డప్పు మోగుతూనే ఉంది. నవ్వారా మళ్ళీ మళ్ళీ ఆపు బటన్ నొక్కింది. తెల్లవారితే ఆ ప్రోగ్రామ్‌ను ఈ సందులో అందరికీ పంపాలి. ఇలా పిచ్చిగా మోగితే ఎవరు ఉంచుకుంటారు?

కంప్యూటర్ సైన్స్ చదువుతున్న ఆమె దాన్ని జగ్లూల్ తాత గొంతుతో తయారుచేసింది. రంజాన్ రాత్రుల్లో ఆయన డప్పు కొడుతూ అలెగ్జాండ్రియాలోని ఈ సందు సందంతటినీ పేరుపేరునా పిలిచి, ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సహరీకి లేపేవాడు. నిరుడు పోయాడు. అంతకుముందే ఆమె ఆయన చేత అందరి పేర్లూ పలికించి రికార్డు చేసుకుంది. హడావుడిలో తన పేరు పలికించడం మాత్రం మరిచిపోయింది.

డప్పు ఆగింది. సందంతా నిశ్శబ్దం. అప్పుడు ఆ బొంగురు గొంతు మెల్లగా పలికింది.

"లే, నవ్వారా. ఇంత తిను తల్లీ."

నవ్వారా ఫోన్ వదిలేసింది.

గుమ్మంలో నాన్నమ్మ నిలబడి ఉంది, చేతిలో వేడి వేడి చిక్కుడుగింజల గిన్నెతో. "పొద్దుగూకాక ఇంత తిన్నావో లేదో, ఆ కంప్యూటరు పెట్టె ముందే కూర్చున్నావు. మరి లేపడూ?"

"ఎవరు నాన్నమ్మా?"

నాన్నమ్మ కిటికీలోంచి చీకటి సందులోకి చూసి నవ్వింది.

"ఇంకెవరే! ఒక్క గడపైనా వదిలేవాడా ఎప్పుడైనా, మా జగ్లూల్?"