శోకం పాట కోసం

“ఎవరూ చావకుండా శోకం పెట్టమంటావా? ఈ ఇంట్లో పీనుగ లేవాలనా నీ కోరిక?” కనెల్లా అవ్వ ఆలివ్ కాయలు రాల్చే కర్రను నేలకేసి కొట్టింది.

థెక్లా వెనక్కి జరిగింది. “అది కాదవ్వా. ఊరికే నోటితో అను చాలు. రికార్డు చేసుకుని వెళ్ళిపోతాను.”

“ఊరికే అంటే ఊరుకునేది కాదే అది. పాట ఎత్తితే చావును పిలిచినట్టే. అది గడపలోకి వచ్చి, ఎవరి కోసం పిలిచావని అడిగితే నిన్ను చూపించనా?”

అవ్వ కర్ర భుజాన వేసుకుని తోటకు పోయింది. ఆ వయసులోనూ చెట్టెక్కుతుంది, వద్దంటే వినదు. శవం పక్కన కూర్చుని, పోయినవాడి మంచీ చెడూ అప్పటికప్పుడు పాటగా కట్టి ఏడ్చే మనిషి గ్రీసులోని ఆ మానీ కొండల్లో ఆమె ఒక్కతే మిగిలింది.

ఆ పాట కోసమే థెక్లాకు ఫెలోషిప్ ఇచ్చారు. ఇప్పటి గ్రీకు భాష మీద, జనం మాట మీద, పాట మీద పరిశోధన చేసేవాళ్ళకు ఏథెన్సులో ఇచ్చే ఫెలోషిప్ అది. నిన్ననే ప్రొఫెసర్ ఫోన్ చేశాడు.

“ఇంట్లో కూర్చోబెట్టి పాడించిన టేపులు మా దగ్గర బీరువా నిండా ఉన్నాయమ్మా. శవం పక్కన పాడింది కావాలి. సోమవారం కమిటీ కూర్చుంటుంది. అప్పటికి నీ దగ్గర లేకపోతే ఫెలోషిప్ ఇంకొకరికి పోతుంది. నా చేతుల్లో లేదు.”

ఫెలోషిప్ పోతే చదువు పోయినట్టే. పిరేయస్ రేవులో బావ చేపల కొట్టు ఉంది. అక్కడ గల్లా పెట్టె ముందు కూర్చోవడమే. ఆ నీచువాసన ఇప్పటినుంచే ముక్కుకు తగులుతున్నట్టుంది.

కనెల్లా అవ్వ ఇంట్లోనే ఆమె అన్న లిగోరోస్ మంచం పట్టి ఉన్నాడు. ఊపిరితిత్తులు. కింది ఊరి డాక్టరు చూసి, తల పైకెత్తి, ఇక లాభం లేదన్నట్టు “చ్చ్” అనేసి పోయాడు. అప్పటినుంచీ థెక్లా రోజూ కోడిగుడ్డు, నిమ్మరసం కలిపిన సూపు కాచి తెస్తోంది. కడుపున పుట్టిన కూతురు కూడా ఇంత చెయ్యదని ఊళ్ళో ఆడవాళ్ళు మెచ్చుకుంటున్నారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా థెక్లా తల దించుకుని అడుగు వేగం పెంచుతుంది.

“వచ్చావా రాబందూ!” అన్నాడు లిగోరోస్.

“అదేం మాట తాతా! ఎట్లా ఉంది ఇవాళ?”

“నీకేం లాభం లేదు. రాత్రి దగ్గు తగ్గింది.”

థెక్లా ముఖం వాడింది. అది చూసి ముసలాయన దగ్గుతూనే నవ్వాడు.

“సోమవారమటగా గడువు?”

“ఎవరు చెప్పారు?”

“నువ్వు ఫోనులో అరిచిన అరుపుకి కొండ మీది మేకలకి కూడా తెలిసింది. నామీద మా చెల్లెలు ఏం పాట కడుతుందో వినాలని నాకూ ఉందే. ఏం చేస్తాం, ఆ యోగం లేదు.”

“అట్లా అనకు తాతా. సూపు తాగు, చల్లారిపోతోంది.”

ఆయన రెండు గుక్కలు తాగి పెదవులు నాక్కున్నాడు. “బాగా కాస్తున్నావు పిల్లా. ఇంత బాగా కాస్తే నేను లేచి కూర్చుంటాను, ఇక నీ పని అయినట్టే!”

తిరిగి వస్తూ దారిలో చర్చి కనబడితే థెక్లా లోపలికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించింది. ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. తాత బాగుపడాలని అనబోయింది, నోరు రాలేదు. రెండోది మనసులో మెదిలేసరికి గబగబా శిలువ గుర్తు వేసుకుని బయటికి వచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం కాఫీ కొట్లో కూర్చుని ఉండగా ప్రొఫెసర్ మళ్ళీ ఫోన్ చేశాడు.

“ఏమైందమ్మా? ఉన్నట్టా, లేనట్టా?”

థెక్లా లేదని చెప్పబోయింది. అప్పుడే చర్చి గంట మోగింది. ఒక్క దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక్క దెబ్బ.

పేకాడుతున్నవాళ్ళు ముక్కలు బోర్లించి టోపీలు తీశారు. “లిగోరోస్ పోయినట్టున్నాడు. దేవుడు క్షమించుగాక,” అన్నాడు కొట్టు ఆయన.

“సార్, దొరికింది!” అనేసింది థెక్లా. తన మాట తన చెవిన పడి నాలుక కరుచుకుంది. ఫోను కట్టేసి, సంచి పట్టుకుని మెట్ల దారిన పైకి పరుగెత్తింది.

పరుగెడుతున్నంతసేపూ చెవులు రిక్కించే ఉంది. పాట ఎక్కడా వినబడలేదు. అమ్మయ్య, ఇంకా ఎత్తలేదన్నమాట. వాకిట్లో జనం దారి ఇచ్చారు. గడప దాటుతూనే రికార్డరు నొక్కింది.

లోపల నల్ల ముసుగుల ఆడవాళ్ళు మంచం చుట్టూ మూగి ఉన్నారు. అందరి వీపులే కనబడుతున్నాయి. ఎవరూ కిక్కురుమనడం లేదు. థెక్లా చివరనున్నామె చెవి దగ్గరికి వంగింది.

“కనెల్లా అవ్వ ఇంకా మొదలుపెట్టలేదేం?”

గోడవార కుర్చీలో, దుప్పటి కప్పుకుని కూర్చున్న మనిషి మెల్లగా తల ఎత్తాడు. లిగోరోస్!

“తన చావుకు తనే ఎట్లా పాడుకుంటుందే, పిచ్చిదానా?” అన్నాడు.