మావయ్య దగ్గర దాచిన ముక్క

"ఏమ్మా పండితురాలా! ఆ పలక మీద ఈగలు వాలుతున్నాయి గానీ అక్షరాలు వాలడం లేదేంటి?"

గడప దాటుతూనే అడిగాను. మా మేనకోడలు దేవకుమారి తలెత్తలేదు. చేతిలో బలపం మాత్రం టప్పున విరిగింది.

"నీకు దణ్ణం పెడతాను మావయ్యా. రేవుకి పో."

"రేవు నుంచే వస్తున్నానమ్మా."

రాజమండ్రి దగ్గర గోదారి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. మా నరసాపురంలో మాత్రం ఏరు దాటాలంటే నా పడవే దిక్కు. దేవకుమారి మిషను బడిలో చదువుతోంది. శుక్రవారం ఇన్‌స్పెక్టరుగారు వస్తారు. ముందుగానే ఒక విషయం ఇచ్చి, ఇంటి దగ్గర వ్యాసం రాసి తెమ్మన్నారు. బాగా రాసిన ఒక్క పిల్లని రాజమండ్రి ట్రైనింగు స్కూలుకి పంపిస్తారు. మిగతావాళ్ళు మా అక్క సంపూర్ణమ్మలా నడుం వంచి లేసు అల్లుకోవాల్సిందే.

"ఇంతకీ దేని మీదమ్మా వ్యాసం?"

నన్ను ఎగాదిగా చూసింది. "పడవ మీద."

"ఆ మాట ముందే చెప్పొద్దూ! పడవ సంగతి నాకన్నా తెలిసినవాడు ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడు."

చిక్కేంటంటే, బడిలో ఇచ్చింది ఒకే ఒక్క కాగితం. కొట్టివేత కనిపించకూడదు. మొదలు, నడుమ, చివర అని మూడు భాగాలు వేసుకుని, పలక మీద సరిచూసుకున్నాకే కాగితం ముట్టుకోమన్నారు. ఉన్నది ఒక్క పలక. దాని మీద పట్టేది ఒక్క భాగం. రెండోది రాయాలంటే మొదటిది చెరపాలి.

అందుకని మొదటి భాగం వాళ్ళమ్మ చేత వల్లె వేయించింది. అక్కకి అక్షరం ముక్క రాదు గానీ, ఆదివారం పాడే కీర్తనలన్నీ కంఠతా వచ్చు. నడిమి భాగం నాకు అప్పగించింది. చివరిది పలక మీదే ఉంటుందంది. నా చదువు రెండో తరగతిలో, ఒత్తుల దగ్గర, ఇసుక మేటలో పడవలా ఆగిపోయింది. చెవులు మాత్రం పాము చెవులు.

మర్నాడు పొద్దున్నే ఎదురుగా కూర్చుంది. "అప్పజెప్పు మావయ్యా."

"పడవకు తెరచాప, గెడ, చుక్కాని, ఇద్దరు పెళ్ళాలు అవసరము."

"పెళ్ళాలేంటి?"

"ఒకామె ఈ ఒడ్డున, ఒకామె ఆ ఒడ్డున. లేకపోతే పడవవాడికి రెండు పూటలా అన్నం ఎవరు పెడతారు?"

పళ్ళు పటపట కొరికింది. పలక చెరిపేసి, ఏదో గొణుక్కుంటూ గబగబా రాసుకుంది.

బుధవారం మళ్ళీ అడిగింది. "పడవలో నలభై మంది ఎక్కి, నలభై ఒక్కరు దిగుదురు," అన్నాను.

"ఆ ఒక్కడెక్కణ్ణించి వచ్చాడు?"

"నడి గోదారిలో పుట్టాడమ్మా. మొన్న కరణంగారి చిన్నమ్మాయికి నొప్పులొస్తే నా పడవలోనే కదా కాన్పయింది! ఆ పిల్లాడికి కేవు డబ్బులు అడగలేదు కూడాను."

"అమ్మా! చూడవే మావయ్యని! ఇట్లాగైతే నేను రాజమండ్రి చూసినట్టే!"

అక్క లేసు మీంచి తలెత్తింది. "వాడికెందుకిచ్చావే? ఆ ముక్క కూడా నాకిస్తే నేనే మోస్తాను కదా."

"వద్దు. నడుమ మావయ్య దగ్గరే ఉండాలి."

"పోనీ నీ దగ్గరున్న మొదలేంటో చెప్పవే అక్కా," అన్నాను. ఆవిడ దారం పళ్ళతో పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఎంత బతిమాలినా అంతే. నాకూ ఒళ్ళు మండింది.

గురువారం సాయంత్రం నేను అసలుకే ఎసరు పెట్టాను. "నడిమి భాగం రేవులో దిగిపోయిందమ్మా. ఒక్క ముక్కా గుర్తులేదు."

ఈసారి అరవలేదు. పలక ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. పక్కనే చతికిలబడ్డాను.

"ఊరుకోవే తల్లీ. నువ్వు రాజమండ్రి పోతే నేనెవర్ని ఏడిపించుకోవాలి? అందుకే ఆ వేషాలు. అంతా గుర్తుంది, కావాలంటే విను."

ముక్కు చీదుకుంది. "అది తర్వాత. నిన్ను బడి ఎవరు మాన్పించారు మావయ్యా?"

"పంతులుగారి తలపాగాలో పీతని పెట్టాను. తరిమేశారు."

"నిజం చెప్పు."

ఎందుకో ఆ పూట హాస్యం నోటికి రాలేదు. "ఆ ఏడే మా నాన్న వరదలో పోయాడమ్మా. గెడ నా చేతికొచ్చింది. అది నాకన్నా పొడుగు. మీ అమ్మకి అన్నం పెట్టాలి కదా."

దేవకుమారి కళ్ళు తుడుచుకుంది. పలక కూడా తుడిచేసింది. నడిమి భాగం మాత్రం అప్పజెప్పమనలేదు.

శనివారం ఇన్‌స్పెక్టరుగారు అవతలి ఒడ్డుకి వెళ్ళడానికి నా పడవెక్కారు. ఒక కాగితం తీసి చదువుతూ ఒకటే నవ్వు. చివరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇక్కడ లాజరంటే ఎవరోయ్?"

"నేనేనండి."

"నీ ఇద్దరు పెళ్ళాలూ కులాసానా? నడి గోదారిలో పుట్టినవాడు ఎలా ఉన్నాడు?"

నా చేతిలో గెడ ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది.

"మీ మేనకోడల్ని సామాను సర్దుకోమను," అంటూ ఆ కాగితం నా వైపు తిప్పారు.

పైన గుండ్రటి అక్షరాలతో ఉన్న వరసని కూడబలుక్కుంటూ చదివాను: 'ఇచ్చిన విషయము: మీ ఇంటిలోని ఒక మనిషిని, వారికి తెలియనీయకుండా గమనించి వ్రాయుడు.'