పద్నాలుగో రంధ్రం

"ఎంత సందుంటే ప్రమాదం?" అడిగింది జయంతి.

"వేలు దూరేంత చాలు," అన్నాడు ఆమె భర్త శేషగిరి, కారు కింద పడుకునే. "ఇంజన్ పొగ లోపలికొస్తే అంతే సంగతులు. అందులో ఉండే అసలు విషానికి వాసనుండదు. ముందు తలనొప్పి. తర్వాత నిద్ర. ఆపైన లేచేది లేదు."

"తలనొప్పా," అంది జయంతి, చేతులకి గ్లవుజులు తొడుక్కుంటూ.

2008 ఫిబ్రవరి. శాంటా క్లారాకి దగ్గర్లో ఉన్న డబ్లిన్‌లో వాళ్ళ ఇంటి గరాజ్. మధ్యలో సగం కట్టిన కారు. విడిభాగాలు పెట్టెల్లో వస్తే ఇంట్లోనే బిగించుకునే రకం. ఇంజన్‌కీ మనిషి కూర్చునే చోటుకీ మధ్య రేకు గోడ ఒకటుంటుంది. దాన్ని ఫైర్‌వాల్ అంటారు. శేషగిరి శాంటా క్లారాలో ఒక కంపెనీ కంప్యూటర్ల ఫైర్‌వాల్‌కి కాపలా కాస్తాడు కాబట్టి దీని సంగతీ తనకే తెలుసంటాడు. ఒక రేకు చాలదని, రెండంగుళాల ఖాళీ వదిలి రెండోది కూడా వేశాడు. వైర్లూ గొట్టాలూ పోవడానికి పద్నాలుగు రంధ్రాలు. వాటి చుట్టూ సందు మూసే జిగురు, సీలెంట్, పుయ్యాలి. అతని లావు చేతులు ఆ మూలలకి పోవు. జయంతివి పోతాయి.

మొగుడి ప్రాణం పెళ్ళాం చేతిలో పెట్టడమంటే ఇదే. ఎలాంటి పెళ్ళాం చేతిలో పెడుతున్నాడో ఆ మహానుభావుడికి తెలీదు.

ఇదే గరాజ్‌లో ఆరేళ్ళు జయంతి కూచిపూడి నేర్పింది. తన జీతంతో చెక్క ఫ్లోర్ వేయించుకుంది. గోడ పొడుగునా అద్దం పెట్టించుకుంది. పదకొండు మంది ఆడపిల్లలు. కిందటి దసరాకి వాళ్ళ గజ్జె పూజకి ముహూర్తం పెట్టుకుంది. గురువు పూజ చేసి ఇస్తేనే కదా, శిష్యురాలు మొదటిసారి కాలికి గజ్జె కట్టేది. ఆరేళ్ళ కష్టమంతా ఆ ఒక్క రోజు కోసం.

పండగ పది రోజులుందనగా వర్క్‌షాప్‌కని డాలస్ వెళ్ళి, రెండ్రోజుల్లో తిరిగొచ్చింది. అద్దం లేదు. చెక్క ఫ్లోర్ ముక్కలై చెత్తడబ్బా పక్కన పడుంది. మధ్యలో అట్టపెట్టెలు.

"సర్‌ప్రైజ్," అన్నాడు శేషగిరి. "నా చిన్నప్పటి డ్రీమ్ జయంతీ. అయినా సాటర్‌డే వస్తే చాలు, ఆ చప్పుళ్ళకి నా తల పగిలిపోతోంది."

ముందు ఒక్క మాట అడిగాడా? అడగలేదు. తల్లిదండ్రులు పిల్లల్ని వేరే టీచర్ దగ్గర చేర్చేశారు. వెళ్ళేముందు అనిక అనే పిల్ల వచ్చి, "ఆంటీ, మన పూజ ఎప్పుడు చేస్తాం?" అని అడిగింది. ఆ రోజు షవర్ తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ఏడవడం మానేసింది. ఏడుపు మానేసిన ఆడదాన్ని చూసి మొగుడనేవాడు భయపడాలి. శేషగిరి మాత్రం, "చూశావా, నువ్వే అడ్జస్ట్ అయిపోయావ్," అని మెచ్చుకున్నాడు. కారు పనిలో సాయం చేస్తానంటే పొంగిపోయాడు కూడా.

ఆమె పని చేసిన తీరు చూడాలి. రంధ్రం చుట్టూ తుడవడం, రబ్బరు రింగు నొక్కడం, ఎర్రటి సీలెంట్ పూసి వేలితో నున్నగా దిద్దడం. రంధ్రం మూసినప్పుడల్లా ఏదో ఒక పిల్ల మొహం గుర్తొచ్చేది. పళ్ళు బిగించి ఇంకోటి మూసేది. అలా పదమూడు మూసింది.

పద్నాలుగోది స్టీరింగ్ పక్కన, సరిగ్గా అతని మోకాళ్ళకి ఎదురుగా ఉంది. జయంతి అందులో వేలు పెట్టి చూసింది. దూరింది.

ఇంట్లోకి తొంగి చూసింది. శేషగిరి ఫోన్‌లో ఉన్నాడు. నాలుగు నెలలుగా మనసులో అనుకుంటున్నది చేసేసింది.

"అయ్యిందా?" అంటూ వచ్చాడతను.

"అయ్యింది. సాంబ్రాణి వేసి చూద్దామా? ఇంజన్ వైపు పొగ పెడితే, సందు ఎక్కడున్నా సీట్లోకి వాసనొస్తుంది."

"ఇదేమన్నా బాలింత గదనుకున్నావా?" నవ్వాడు శేషగిరి. "నీమీద నాకు నమ్మకముందిలే."

"మీ ఇష్టం," అంది జయంతి. అడగడం తన ధర్మం, అడిగింది.

మర్నాటికి సీలెంట్ రాయిలా గట్టిపడింది. ఇక ఇంజన్ దించి రేకులు కోస్తే తప్ప ఊడదు. నెల తిరిగేసరికి కారు రోడ్డెక్కడానికి సిద్ధమైంది. చక్రాల కింద నిమ్మకాయలు జయంతే పెట్టింది.

"నువ్వూ ఎక్కు," అన్నాడు.

"మీ డ్రీమ్ కదండీ, మీరే వెళ్ళిరండి. అద్దాలు మాత్రం దించకండి, చలిగాలి."

కారు వీధి మలుపు తిరిగింది. జయంతి టీ పెట్టుకుంది. ఇన్ని నెలల తర్వాత టీ నోటికి రుచిగా తగిలింది.

అరగంటకి కారు మెల్లగా వచ్చి ఆగింది. శేషగిరి దిగి, గుమ్మం ముందు మెట్టు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఏమైందండీ?"

"తల పగిలిపోతోంది."

"వాసనేమన్నా వచ్చిందా?"

"లేదు."

"నిద్రొస్తోందా?"

"ఇక నాకు నిద్రెక్కడిది? ఇంజన్ తిరిగినంతసేపూ అంతే. ఆపితేనే తగ్గింది."

"రేపు మళ్ళీ నడిపి చూడండి," అంది జయంతి, కప్పు కడుగుతూ.

చీమ దూరే సందైనా లేకుండా పద్నాలుగు రంధ్రాలూ మూసిన ఆ రెండు రేకుల నడుమ, కిందటి దసరాకి పిల్లల కాళ్ళకి కట్టాల్సిన గజ్జెల్లోంచి తీసిన పదకొండు మువ్వలు, అతను తాళం తిప్పిన ప్రతిసారీ ఘల్లుమనడానికి కాచుకుని ఉన్నాయి.