కుడిపక్క

"అమ్మా, విమానానికి బొట్టెవరు పెట్టమన్నారు?"

గవరమ్మ పసుపు కుంకాల పళ్లెంతో షెడ్డు మధ్యలో ఆగింది. ఆ పొద్దు ఆయుధపూజ. డైరీ ఫార్మ్ అనే పేటలో ఇంటి ముందున్న ఆ రేకుల షెడ్డులోనే ఆమె కొడుకు కన్నారావు స్కూటర్లకు రంగులేస్తాడు. కంప్రెసరుకీ, స్పానర్లకీ, రంగు కొట్టే గన్నుకీ, ఆఖరికి తిరగడం మానేసిన టేబుల్ ఫ్యానుకీ బొట్లు పెట్టుకుంటూ వచ్చింది గవరమ్మ. ఆ వరసలోనే బల్ల మీదున్న జానెడు విమానానికీ ఒకటి పెట్టేసింది.

"గాల్లోకెళ్లే బండిరా. దానికే ముందెట్టాల" అంది.

"అది ఎగరదే అమ్మా. ప్లాస్టిక్."

"ఎగరందానికి ఇన్నాళ్లూ తిండి మాని ఏల కూకున్నావు మరి?"



అది గోపినాథ్ గారి విమానం. ఆయన వాయుసేనలో యుద్ధవిమానం నడిపి, రిటైరయ్యాక సముద్రం నడుమ ఈ దీవుల్లోనే ఉండిపోయారు. అగ్గిపుల్లంతేసి ముక్కలు అతికించి, రంగులేసి, నిజమైనవాటిలాగే చిన్న విమానాలు చేసే పిచ్చి కన్నారావుకు అంటించింది ఆయనే. వీడు ఏది చేసి తీసుకెళ్లినా భూతద్దం పెట్టి చూసి ఓ తప్పు పట్టేవారు. బాగుందని ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. ఆ మాట ఒక్కసారి విందామని వీడి ఆశ.

మధ్యాహ్నం ఫ్లైటుకి కూతురు ఆయన్ని వెంట తీసుకుపోతోంది. ఇక రారు. పోయేలోగా తను నడిపిన మిగ్‌ని చేసిమ్మని ఓ పాత ఫొటో ఇచ్చారు. ఎడమపక్క నుంచి తీసింది. అచ్చం అలాగే ఉండాలి, ఒక చుక్క ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు అన్నారు.

ఇప్పుడు ఒక చుక్క ఎక్కువైంది. కుడిపక్క, పైలట్ మీద మూసే అద్దం కింద, గవరమ్మ బొటనవేలంత పసుపు, దాని నడుమ ఎర్రగా కుంకం.

పొడి గుడ్డతో అద్దాడు. పసుపు ఇంకాస్త పాకింది. మెరుపు లేని బూడిదరంగు అది, పొడి ఇసకలా పీల్చేసుకుంది. సబ్బునీళ్లతో తుడిస్తే కుంకం పోయింది గానీ పసుపు పోలేదు. థిన్నర్ పోస్తే ప్లాస్టిక్కే కరిగిపోతుంది. బయట వాన మొదలైంది. వానలో వేసిన రంగు ఆరదు, ఆరినా పాలు పోసినట్టు తెల్లబారుతుంది.

ఏం చెయ్యాలో తోచక కన్నారావు స్టూలు మీద కూలబడ్డాడు.

"బొట్టు చెరపకూడదురా" అంది గవరమ్మ మెల్లిగా. "మంచిది కాదు. ఉంటే ఉండనీ."

"బస్ అమ్మా. పని ఖరాబ్ చేసింది చాలు."

గవరమ్మ పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. 

సన్న ఉప్పుకాగితాన్ని నీళ్లలో ముంచి, ఊపిరి బిగబట్టి రుద్దాడు. పసుపుతో బాటు రంగూ పోయింది, అడుగున ప్లాస్టిక్ బయటపడింది. అక్కడొక్కచోటే వేస్తే అతుకు కనిపిస్తుందని, నంబరు మీద టేపేసి, కుడిపక్కంతా మళ్లీ రంగు కొట్టాడు. బల్బు దించి, దాని వేడికి ఆరబెట్టాడు. టేపుతో బాటు నంబరు అంచు లేస్తే సన్న కుంచెతో దిద్దాడు. వాన రేకుల మీద కొడుతూనే ఉంది. అయినా ఆ రంగు తెల్లబారలేదు. ఎంత వెతికినా అక్కడ బొట్టుండేదని పెట్టినవాళ్లు కూడా చెప్పలేరు.

వాన తెరిపి ఇచ్చింది. స్కూటరు నడుపుతూ విమానం పట్టుకోలేడు. వెనక కూర్చోమని తల్లిని పిలవక తప్పలేదు. ఆమె బొటనవేలికి ఇంకా కుంకం ఉంది. మళ్లీ అంటుకుంటుందేమోనని పాత గుడ్డ తెచ్చి ఆ చేతికి చుట్టాడు కన్నారావు. దెబ్బ తగిలినదానిలా ఆ చేతిని చూసుకుంది గవరమ్మ. 

గోపినాథ్ గారి వాకిట్లో టాక్సీ డిక్కీ తెరిచి ఉంది. కూతురు కావేరి పెట్టెలు ఎక్కిస్తూ, "భయ్యా, జల్దీ. ఇప్పటికే లేటైంది" అంది. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నారు. సామానంతా సర్దేశారు. భూతద్దం మాత్రం జేబులోనే ఉంది.

విమానాన్ని ఒళ్లో పెట్టుకుని, భూతద్దం తీసి ఎడమపక్క చూశారు. ముక్కు, రెక్క, చక్రాలు, తోక. నంబరు మీద కాసేపు ఆగారు. తప్పు పట్టలేదు.  గుమ్మం దగ్గర గవరమ్మ గుడ్డ చుట్టిన చేతిని చీర చెంగులో దాచుకుంది.

ఆయన మెల్లిగా కుడిపక్కకు తిప్పారు. అద్దం కింద, సరిగ్గా ఆ చోటే, బొటనవేలితో తడిమారు. మళ్లీ తడిమారు.

కన్నారావు ముందుకు వంగాడు. "రంగు తేడా వచ్చిందా సార్?"

"లేదు. రంగు బాగుంది." భూతద్దం జేబులో పెట్టేసుకున్నారు. వేలు మాత్రం అక్కణ్నించి తియ్యలేదు.

"ఫొటోలో పడలేదురా, నీ తప్పేం లేదు. ఇక్కడ మా అమ్మ పెట్టిన బొట్టుండేది. ఆ విమానం నడిపినన్నాళ్లూ ఎవర్నీ తుడవనివ్వలేదు."